పరిచర్యకు చేదోడు

పాఠ్యాంశ పరిచయం

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే వైద్యుడి దగ్గరకు తీసుకువెళతాం. వైద్యుడు రోగిని చూసేది కొన్ని నిమిషాలు. మిగిలిన రోజంతా, రాత్రంతా రోగిని కనిపెట్టుకుని ఉండేవారు వేరు. ఆసుపత్రిలో వారు నర్సులు. ఇంట్లో వారు తల్లి, భార్య, కోడలు, కొడుకు, ఒక్కొక్కప్పుడు మీవంటి పిల్లలు. వీరిద్దరి మధ్య ఈనాడు సెల్‌ఫోను ఒక వంతెనగా నిలిచింది. ఆ వంతెన మీదుగా ఏమి చేరుతుంది, ఏమి చేరదు అనేది ఈ పాఠంలో తెలుసుకుందాం.

వైద్యానికి నాలుగు పాదాలు

మన ప్రాచీన వైద్యగ్రంథమైన చరకసంహిత చికిత్సకు నాలుగు పాదాలు ఉన్నాయని చెప్పింది. అవి వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. మంచానికి నాలుగు కోళ్ళున్నట్లే చికిత్సకు ఈ నాలుగూ ఉండాలి. ఒక కోడు విరిగితే మంచం ఒరిగిపోతుంది. వైద్యుడెంత సమర్థుడైనా, ఔషధమెంత గొప్పదైనా, పరిచర్య సరిగా లేకపోతే రోగి కోలుకోవడం కష్టం.

పరిచారకుడికి ఉండవలసిన గుణాలను కూడా ఆ గ్రంథం నాలుగుగా చెప్పింది. మొదటిది పరిచర్య చేసే విధానం తెలిసి ఉండడం. రెండవది నేర్పు. మూడవది రోగి పట్ల అనురాగం. నాలుగవది శుచి. ఈ నాలుగు గుణాలను గుర్తుంచుకోండి. పాఠం చివర మళ్ళీ వీటితో మనకు పని ఉంది.

ఆధునిక కాలంలో పరిచర్యను ఒక శాస్త్రంగా తీర్చిదిద్దిన మహనీయురాలు ఫ్లోరెన్స్ నైటింగేల్. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడిన సైనికులకు ఆమె సేవ చేసింది. 1860లో లండన్‌లో నర్సుల శిక్షణకు పాఠశాల ఏర్పడడానికి కారకురాలైంది. అంతకు ముందు 1859లో ఆమె పరిచర్య గురించి ఒక చిన్న పుస్తకం రాసింది. ఆ పుస్తకాన్ని ఆమె నర్సుల కోసం రాయలేదు. ఇంట్లో రోగులను చూసుకునే సామాన్య స్త్రీల కోసం రాసింది. అందులో ఒక అధ్యాయమంతా ఒకే విషయం గురించి ఉంది. తాను దగ్గర ఉన్నప్పుడు చేసే పని, తాను లేనప్పుడు కూడా జరిగేలా ఏర్పాటు చేయడమే మంచి పరిచర్య అన్నది ఆ అధ్యాయ సారాంశం.

నర్సు మన ఇంటికి వచ్చి రాత్రంతా కూర్చోలేదు. మరి ఆమె లేనప్పుడు ఆమె చెప్పిన పని ఇంట్లో జరగడమెలా? ఈ ప్రశ్నకు ఎన్నో ఏళ్ళుగా సరైన సమాధానం దొరకలేదు.

ఆసుపత్రికీ ఇంటికీ మధ్య

ఒక ఉదాహరణ చూద్దాం. హోసూరు దగ్గరి పల్లెలో ఉండే ఒక తాతగారికి బెంగళూరు ఆసుపత్రిలో గుండెకు శస్త్రచికిత్స జరిగిందనుకుందాం. కొన్నాళ్ళకు ఆయనను ఇంటికి పంపిస్తారు. చేతికి ఒక చీటీ ఇస్తారు. అందులో మాత్రల పేర్ల పక్కన 1-0-1 అనీ, 0-0-1 అనీ అంకెలు ఉంటాయి. కొన్నిచోట్ల బి.డి., హెచ్.ఎస్. వంటి పొడి అక్షరాలు ఉంటాయి.

వీటి అర్థం తెలిసినవారికి చాలా తేలిక. 1-0-1 అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి. బి.డి. అంటే రెండుసార్లు. టి.డి.ఎస్. అంటే మూడుసార్లు. హెచ్.ఎస్. అంటే పడుకోబోయే ముందు. ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైనప్పుడు మాత్రమే. తెలియనివారికి మాత్రం ఇవి అంతుచిక్కని గుర్తులు.

ఆసుపత్రిలో నర్సు ఎన్నో జాగ్రత్తలు చెప్పే ఉంటుంది. దగ్గు వచ్చినప్పుడు దిండును రొమ్ముకు అదుముకోవాలి. కొన్ని వారాలపాటు నిండు బిందె వంటి బరువులు ఎత్తకూడదు. కుట్ల చుట్టూ ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే చెప్పాలి. కాని బయలుదేరే తొందరలో, డబ్బు కట్టే హడావుడిలో విన్న మాటలు బస్సు దిగేసరికి సగం మరచిపోతాం. అర్ధరాత్రి తాతగారు ఆయాసపడితే ఎవరిని అడగాలో తెలియదు. ఆసుపత్రిలో గంట నొక్కితే నర్సు వస్తుంది. ఇంట్లో నొక్కడానికి గంట లేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తొలి రోజులే రోగికి చాలా సున్నితమైనవి. అప్పుడు పరిచారకుడికి కావలసింది ఖరీదైన యంత్రం కాదు, సమయానికి ఒక సరైన మాట. ఆ మాటను మోసుకువచ్చే సాధనమే సెల్‌ఫోను.

చేతిలోకి వచ్చిన ఫోను

చేతిలో పట్టుకుని మాట్లాడే ఫోనుతో తొలి పిలుపు 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ నగరంలో జరిగింది. మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు ఆ ఫోనులో మాట్లాడాడు. దాని బరువు ఒక కిలోకు పైమాటే. మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీ నగరాల మధ్య జరిగింది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడాడు. తొలినాళ్ళలో అది ధనవంతుల వస్తువు. అవతలివారు పిలిచినా మనమే డబ్బు కట్టవలసి వచ్చేది. తర్వాత ధరలు తగ్గి, అది రైతు జేబులోకీ, కూలి తల్లి కొంగుముడిలోకీ చేరింది. వైద్యసేవలు దాని వెంటే నడిచాయి.

నర్సు గురువు, కుటుంబం శిష్యులు

ఫోనుకన్నా ముందు చెప్పుకోవలసింది శిక్షణ. నేర్పనిదానిని ఫోను గుర్తు చేయలేదు కదా!

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా తెలంగాణకు ఆనుకుని ఉంది. ఆ జిల్లాలోని సిరొంచ ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. అడవులు, వాగులు ఎక్కువగా ఉన్న ఆ జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు 1990ల్లో ఒక గొప్ప ప్రయత్నం చేశారు. అయిదు నుంచి పది తరగతులు చదివిన పల్లె స్త్రీలకు పసిబిడ్డల సంరక్షణలో శిక్షణ ఇచ్చారు. వారు 39 గ్రామాలలో ఇంటింటికీ వెళ్ళి, బిడ్డను తూచి, ఊపిరి లెక్కపెట్టి, వెచ్చగా ఉంచి, తల్లికి పాలివ్వడంలో సాయపడ్డారు. ఇలాంటి సేవ లేని గ్రామాలతో పోల్చి చూస్తే ఈ గ్రామాలలో పసికందుల మరణాలు నూటికి అరవై వంతులకు పైగా తగ్గాయి. ఈ ఫలితాలు 1999లో ప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్‌లో అచ్చయ్యాయి.

ఈ అనుభవం దేశానికంతటికీ మార్గం చూపింది. 2005లో మొదలైన ఆశా కార్యకర్తల వ్యవస్థలో 2011 నుంచి ఇంటివద్ద పసిబిడ్డల సంరక్షణ ఒక కార్యక్రమంగా చేరింది. ఆసుపత్రిలో కాన్పు జరిగితే 3, 7, 14, 21, 28, 42 రోజులలో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూస్తుంది. ఇంట్లోనే కాన్పు జరిగితే మొదటి రోజున కూడా వస్తుంది.

బెంగళూరులోని నారాయణ హృదయాలయ ఆసుపత్రిలో మరొక ప్రయత్నం జరిగింది. గుండె శస్త్రచికిత్స చేయించుకున్నవారి బంధువులు ఆసుపత్రి వసారాలలో రోజుల తరబడి ఊరికే కూర్చుని ఉండడం కొందరు విద్యార్థులు గమనించారు. వారు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నవారు. ఆ నిరీక్షణను పాఠశాలగా మార్చవచ్చునని వారికి తోచింది. అలా నూరా హెల్త్ అనే సంస్థ పుట్టింది. నర్సులే ఉపాధ్యాయులు. రోగి బంధువులే విద్యార్థులు. చేతులు కడుక్కోవడం, కుట్లను శుభ్రంగా ఉంచడం, మందులు వేళకు ఇవ్వడం, ప్రమాద సూచనలు గుర్తించడం అక్కడ పాఠాలు. ఇంటికి వెళ్ళిన తర్వాత అవే పాఠాలు సెల్‌ఫోనుకు సందేశాలుగా వస్తాయి. సందేహం వస్తే తిరిగి అడగవచ్చు. నర్సు లేనప్పుడు కూడా నర్సు మాట ఇంట్లో ఉండడం అంటే ఇదే.

పల్లెకు వచ్చిన సాధనాలు

ఏ.ఎన్.ఎం. అని మనం పిలిచే పల్లె నర్సు ఒకప్పుడు లావుపాటి రిజిస్టర్ల కట్ట మోసుకుని ఊరూరా తిరిగేది. గర్భిణుల పేర్లు ఒకదానిలో, బిడ్డల టీకాలు మరొకదానిలో రాసేది. ఒకే వివరాన్ని పలుచోట్ల రాయడంతో పొద్దు గడిచిపోయేది. 2016లో ఈ నర్సుల కోసం అన్‌మోల్ అనే విధానం వచ్చింది. పలక వంటి చిన్న కంప్యూటరులో వివరాలు ఒక్కసారి నమోదు చేస్తే చాలు. దీనిని మొదట అమలుచేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. రాతపని తగ్గితే ఆ సమయం తల్లీబిడ్డలకు దక్కుతుంది.

అదే సంవత్సరం జనవరిలో కేంద్రప్రభుత్వం కిల్కారీ అనే సేవను ప్రారంభించింది. కిల్కారీ అంటే హిందీలో పసిపాప కేరింత. గర్భం నాలుగవ నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేవరకు వారానికొకటి చొప్పున 72 పిలుపులు ఉచితంగా వస్తాయి. చదువురాని తల్లికి కూడా పనికివచ్చేలా ఇవి మాటల రూపంలో ఉంటాయి. మొదట ప్రారంభమైన రాష్ట్రాలలో ఒడిశా ఒకటి. అక్కడ ఈ పిలుపులు ఒడియా భాషలో వస్తాయి.

క్షయరోగులు నెలల తరబడి మందు మానకుండా వాడాలి. కొంచెం నయం కాగానే చాలామంది మానేస్తారు. అప్పుడు రోగం మొండికెత్తుతుంది. దీనికి బెంగళూరు పరిశోధకులు ఒక సులువైన ఉపాయం ఆలోచించారు. మాత్రల అట్టకు ఒక కాగితం కవరు తొడిగారు. మాత్రను బయటికి నొక్కితే దాని వెనుక దాగిన ఫోను నంబరు కనిపిస్తుంది. రోగి ఆ నంబరుకు ఖర్చులేని పిలుపు ఇస్తే, ఆ రోజు మాత్ర తీసుకున్నట్లు ఆరోగ్య కార్యకర్తకు తెలుస్తుంది. పిలుపు రాకపోతే కార్యకర్త వాకబు చేస్తారు. ఇందుకు మామూలు ఫోను చాలు. ఈ విధానం పేరు 99 డాట్స్.

తమిళనాడులో 2021 ఆగస్టు 5న మక్కళై తేడి మరుత్తువం అనే పథకం ప్రారంభమైంది. ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని దీని అర్థం. దీనిని తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న కృష్ణగిరి జిల్లాలో, సామనపల్లి గ్రామంలో ముఖ్యమంత్రి ప్రారంభించారు. రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి మందులు ఇంటికే వస్తాయి. మంచం పట్టినవారి దగ్గరకు నర్సు, కీళ్ళకు, కండరాలకు వ్యాయామం చేయించే నిపుణులు వస్తారు. ఈ పథకానికి 2024లో ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది.

దూరం నుంచే వైద్యుణ్ణి చూపించే ఈ-సంజీవని సేవ 2019లో మొదలైంది. 2023 ఫిబ్రవరి నాటికే ఇది 10 కోట్ల సంప్రదింపులు పూర్తి చేసింది. పల్లె కేంద్రంలో నర్సు రోగి పక్కన కూర్చుంటుంది. నాడి, రక్తపోటు చూస్తుంది. తెరమీద వైద్యుడు అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇస్తుంది. ఇటువంటి సేవ విలువ యానాం వంటి ఊళ్ళవారికి బాగా తెలుస్తుంది. గోదావరి ఒడ్డున ఉన్న యానాం నుంచి దాని పాలనా కేంద్రమైన పుదుచ్చేరి నగరం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం.

ఫోను చేయలేనివి

ఏ సాధనానికైనా హద్దులు ఉంటాయి. వాటిని తెలుసుకుని వాడేవాడే వివేకి.

మొదటిది, ఫోను ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్న. చాలా ఇళ్ళలో ఫోను ఒక్కటే. అది ఇంటి యజమానితో పొలానికో, పనికో వెళ్ళిపోతుంది. గర్భిణి కోసం వచ్చిన పిలుపు ఆమె చెవిని చేరదు. రోగిని చూసుకునేవారి చేతికి ఫోను ఇవ్వడం కూడా పరిచర్యలో భాగమే.

రెండవది, ఫోను సాక్షి కాదు. క్షయరోగుల విషయంలో జరిగిన పరిశీలనలలో కొందరు మాత్ర వేసుకుని కూడా పిలుపు ఇవ్వలేదనీ, కొందరు పిలుపు ఇచ్చి మాత్ర వేసుకోలేదనీ తేలింది. పక్కన కూర్చుని మాత్ర మింగించే మనిషికి ఫోను సాటిరాదు.

మూడవది, ఫోనులో వచ్చే ప్రతి మాటా నర్సు మాట కాదు. ఈ ఆకు రసం తాగితే మధుమేహం మాయమవుతుంది, ఈ పొడి తింటే గుండెపోటు రాదు అంటూ ఎవరో పంపినవి కూడా అదే ఫోనులో వస్తాయి. అవి నమ్మి మందు మానినవారు ప్రాణాపాయం కొనితెచ్చుకుంటారు. ఎవరు పంపారో తెలియని సలహాను రోగి మీద ప్రయోగించకూడదు.

నాలుగవది, రోగికి కూడా మర్యాద ఉంది. ఆయన అనుమతి లేకుండా పుండును, నివేదికను ఫొటో తీసి బంధువులందరికీ పంపడం తగదు. వైద్యుడికి, నర్సుకు పంపితే చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆపద సమయం. రొమ్ములో నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, మూతి ఒక పక్కకు వంకర పోయినా, ఒక చెయ్యి చచ్చుబడినా, మూర్ఛ వచ్చినా, పసిబిడ్డ పాలు తాగడం మానినా సందేశాలు పంపుతూ కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తరలించాలి.

ఇంటికి దుబాసి మీరే

ఇక మీకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. మీ ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు. ఆసుపత్రి చీటీ, ఫోను సందేశం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో వస్తుంది. ఇంట్లో ఆ రెండు భాషలూ చదవగలిగింది తరచుగా బడికి వెళ్ళే పిల్లలే. అమ్మమ్మకు నర్సు మాట వినిపించే నాలుక మీదే. అది చిన్న బాధ్యత కాదు.

భోజనానికి ముందు, భోజనం తర్వాత అనే రెండు మాటలనే చూడండి. తమిళంలో ముందు అనడానికి మున్ అనీ, తర్వాత అనడానికి పిన్ అనీ అంటారు. కన్నడంలో ముంచె, నంతర అంటారు. మరాఠీలో ఆధీ, నంతర్ అంటారు. ఒడియాలో పూర్బరు, పరె అంటారు. ఈ ఒక్క మాట తారుమారైతే మధుమేహ రోగికి రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. హిందీలో కల్ అంటే నిన్న అనీ, రేపు అనీ రెండర్థాలు. మరాఠీలో కాల్ అంటే నిన్న మాత్రమే. సూది వేయించుకునే రోజును ఇటువంటి మాటను బట్టి ఊహించకండి. తేదీ అడిగి, అంకెలలో రాసుకోండి.

దుబాసి పాటించవలసిన నియమాలు మూడు. తెలిసినది ఉన్నది ఉన్నట్లు చెప్పాలి, సొంత మాట కలపకూడదు. తెలియనిది ఊహించకూడదు, నర్సును తిరిగి అడగాలి. చెప్పిన తర్వాత విన్నవారిచేత మళ్ళీ చెప్పించుకోవాలి. ఒక ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లాన్ని ఒక లీటరు నీళ్ళలో కలపాలని చెబితే, అమ్మమ్మ కూడా ఒక పొట్లం, ఒక లీటరు అని తిరిగి చెప్పాలి. ఒక గ్లాసు అని చెబితే మీరు చెప్పింది చేరలేదన్నమాట.

పరిచారకుడికీ పరిచర్య

రోగిని చూసుకునేవారు కూడా మనుషులే. నెలల తరబడి నిద్ర లేక, వేళకు తిండి లేక, లోలోపల కుమిలిపోయేవారు ఎందరో ఉన్నారు. వారిని రోగి సంగతి అడుగుతాం గాని, వారి సంగతి అడగం. మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. అంటే ఆ తల్లికి రాత్రి కూడా నిద్ర లేనట్లే. ఇంట్లో మిగిలినవారు వంతులు వేసుకుని ఆమెను పడుకోనివ్వాలి. మనసు మరీ కుంగిపోతే మాట్లాడడానికి 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ ఉంది. దాని నంబరు 14416. అందులో తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

ఇప్పుడు చరకసంహిత చెప్పిన నాలుగు గుణాలను తలచుకుందాం. పరిచర్య విధానాన్ని సెల్‌ఫోను తెలియజేయగలదు. నేర్పు సంపాదించడానికి కొంత తోడ్పడగలదు. కాని అనురాగాన్ని, శుచిని అది పంపలేదు. మాత్ర వేళ అయిందని ఫోను మోగుతుంది. చేతులు కడుక్కుని, తాతగారి తల కింద చెయ్యి వేసి లేపి, నీళ్ళు తాగించవలసింది మాత్రం మనమే.

కఠిన పదాలకు అర్థాలు

పరిచర్య = సేవ, ఉపచారం
చేదోడు = చేతికి తోడు, సహాయం
కోడు = మంచపు కాలు
శుచి = శుభ్రత
శస్త్రచికిత్స = కోతపెట్టి చేసే వైద్యం
వసారా = పంచ, నడవా
నిరీక్షణ = ఎదురుచూపు
వాకబు = విచారణ, ఆరా
దుబాసి = రెండు భాషలు తెలిసి ఒకరి మాట మరొకరికి చెప్పేవాడు
వివేకి = మంచిచెడ్డలు తెలిసినవాడు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు రెండు లేక మూడు వాక్యాలలో సమాధానాలు రాయండి.

1. చికిత్సకు ఉండవలసిన నాలుగు పాదాలు ఏవి?
2. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన పుస్తకం ఎవరి కోసం? అందులో మంచి పరిచర్య అంటే ఏమని చెప్పింది?
3. 1-0-1, హెచ్.ఎస్. అనే గుర్తుల అర్థమేమి?
4. కిల్కారీ సేవ చదువురాని తల్లులకు ఎలా ఉపయోగపడుతుంది?
5. ఏయే లక్షణాలు కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయాలి?

II. కింది ప్రశ్నలకు పదేసి వాక్యాలలో సమాధానాలు రాయండి.

1. గడ్చిరోలి జిల్లాలో జరిగిన ప్రయత్నాన్ని వివరించండి. అది దేశానికి ఎలా మార్గదర్శకమైంది?
2. పరిచర్యలో సెల్‌ఫోనుకు ఉన్న హద్దులు ఏవి? వాటిలో మీ ఊరిలో ఎక్కువగా కనిపించేది ఏది? కారణాలు రాయండి.
3. ఇంటికి దుబాసిగా ఉండే విద్యార్థి పాటించవలసిన నియమాలను ఉదాహరణలతో రాయండి.

III. కింది వాక్యాలను సందర్భం తెలిపి వ్యాఖ్యానించండి.

1. ఇంట్లో నొక్కడానికి గంట లేదు.
2. ఫోను సాక్షి కాదు.
3. అమ్మమ్మకు నర్సు మాట వినిపించే నాలుక మీదే.

IV. కింది పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.

అంతుచిక్కని, తరతరాలుగా, మంచం పట్టు, కొనితెచ్చుకొను, వంతులు వేసుకొను

V. వ్యాకరణం

1. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
హృదయాలయం, ప్రాణాపాయం, ప్రత్యేకం

2. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసం పేరు తెలపండి.
తల్లీబిడ్డలు, నాలుగు పాదాలు, పసిబిడ్డ, ఫోను నంబరు

3. కింది ప్రకృతులకు వికృతులు రాయండి.
వైద్యుడు, భాష, పుస్తకం, రాత్రి

4. కింది వాక్యాలను కలిపి ఒకే సంక్లిష్ట వాక్యంగా రాయండి.
నర్సు రోగి పక్కన కూర్చుంటుంది. నర్సు నాడి చూస్తుంది. నర్సు వైద్యుడికి వివరాలు చెబుతుంది.

VI. చేసి చూడండి

1. మీ ఇంట్లో రోజూ మందు వాడేవారు ఉంటే, వైద్యుడు ఇచ్చిన చీటీ చూసి తెలుగులో ఒక పట్టిక తయారు చేయండి. మందు పేరు, ఎన్ని, ఏ వేళ, భోజనానికి ముందా తర్వాతా అనే వివరాలు ఉండాలి. దానిని నర్సుకు గాని, మందుల షాపువారికి గాని చూపించి సరిచూసుకున్న తర్వాతే గోడకు అంటించండి.
2. మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, ఏ.ఎన్.ఎం.ను గాని కలిసి, ఆమె పనిలో ఫోను వల్ల తగ్గిన కష్టమేమిటో, పెరిగిన కష్టమేమిటో అడిగి తెలుసుకోండి. ఆ వివరాలను తరగతిలో చెప్పండి.
3. జ్వరం, వాంతులు, ఆయాసం, కళ్ళు తిరగడం, మలబద్ధకం అనే మాటలను మీ రాష్ట్ర భాషలో ఏమంటారో సేకరించి, రెండు భాషలలో రాసి పెట్టుకోండి.